గట్టు మీద చదువుకున్న పడవను

నా పొడవు 70 సెంటీమీటర్లు. ఒళ్లు ఫైబర్‌గ్లాసు, లోపల బ్రష్‌లెస్ మోటారు. రిమోటు ఎటు తిప్పితే అటు పరుగెత్తే పందెం పడవను. నేనుండేది గుత్తిలో, రైల్వే డీజిల్ షెడ్డులో పనిచేసే ఒక ఫిట్టరు ఇంట్లో. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. కొండ మీద కోట కట్టినవాళ్లు కూడా వాన నీళ్లు దాచుకోవడానికి బావులు, కొలనులు తవ్వుకున్న ఊరు.

"నాయనా, నీళ్లు లేని ఊర్లో పడవెందుకు?" అని ఆయన కూతురు అడిగింది.

"వచ్చే దినానికి తయారుగా ఉండాల గదమ్మా" అన్నాడాయన.

చెరువు నిండుగా ఉండేదే కొన్నాళ్లు. ఆ నాలుగు రోజులూ స్క్రూలు బిగించుకుంటూ కూర్చుంటే ఎలా? అందుకే నా చదువంతా బల్ల మీదే సాగింది.

మొదటి పాఠం బరువు. వెనక పలక నుంచి కొలిస్తే, మొత్తం పొడవులో 30 శాతం దగ్గర నా బరువు తూగాలి. అంటే 21 సెంటీమీటర్లు. అక్కడ స్కెచ్ పెన్నుతో గీత గీసి, బ్యాటరీ, మూత, చుక్కాని అన్నీ బిగించి, గుండ్రటి కడ్డీ మీద నన్ను అడ్డంగా నిలిపాడు. ముక్కు వాలితే బ్యాటరీని వెనక్కి, తోక వాలితే ముందుకు జరుపుతూ పోయాడు. బరువు మరీ వెనక పడితే వేగంలో ముక్కు పైకి లేచి, గాలి కిందికి దూరి, వెల్లకిలా పడతాను. మరీ ముందుకుంటే ముక్కు నాగలిలా నీటిని దున్నుతుంది, మలుపులో మొరాయిస్తాను.

ఆ తర్వాత ప్రొపెల్లరు. నాకు ఇష్టమైన పాఠం ఇదే. సన్నటి కడ్డీకి దాన్ని గుచ్చి, నిలబెట్టిన రెండు బ్లేడుల అంచుల మీద పెట్టాడు. బరువైన రెక్క మెల్లగా కిందికి దిగింది. దాని వెనక వైపు సన్న గరుకు కాగితంతో రెండు సార్లు రుద్దడం, మళ్లీ పెట్టి చూడడం. ఎటు తిప్పి వదిలినా అక్కడే నిలిచేదాకా వదల్లేదు. మోటారు వోల్టుకు 2000 చుట్లది, బ్యాటరీ 11.1 వోల్టులది. లెక్కకు నిమిషానికి 22,000 చుట్లు దాటతాయి. ఆ వేగంలో రెక్క ఏమాత్రం బరువు తేడాగా ఉన్నా షాఫ్టు వణుకుతుంది, బేరింగులు అరుగుతాయి. షాఫ్టును నా అడుగుకు సమాంతరంగా బిగించాడు. ముక్కులో థర్మోకోల్ కూరాడు, బోల్తాపడినా మునగకుండా.

ఇక పెరట్లో సిమెంటు తొట్టి. అక్కడ తేలించి, ఎటూ ఒరగలేదని చూసుకున్నాడు. తొట్టి పరీక్ష నామోషీ ఏమీ కాదు. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా తీగ లేకుండా నడిపి చూపించిందీ బ్యాటరీ పడవనే, అదీ లోపల కట్టిన నీటి తొట్టిలోనే.

వానలు కురిసి ఊరవతలి చెరువు నిండింది. సగం థ్రాటిల్‌కే ముక్కు తేలి, వెనక భాగం మాత్రం నీటికి ఆనింది. పూర్తిగా నొక్కితే కొంచెం ఎడమకు ఒరిగాను. ప్రొపెల్లరు ఒక వైపు తిరిగితే పడవ ఒళ్లు ఎదురు వైపు వాలడం సహజం. ఇది మాత్రం బల్ల మీద తేలే లెక్క కాదు. ఒడ్డుకు తెచ్చి బ్యాటరీని కుడికి వేలి మందం జరిపి మళ్లీ వదిలాడు. ఈసారి తిన్నగా దూసుకుపోయాను. మోటారును చల్లబరిచిన నీళ్లు పక్క రంధ్రంలోంచి సన్నగా చిమ్ముతూనే ఉన్నాయి. ఆ ధార ఆగిందంటే పడవను వెంటనే ఒడ్డుకు తేవాలి.

మీ ఊరి చెరువు నిండితే మీరూ నాలాంటి పడవను దించండి. పిల్లలు ఈదే వైపు, పశువులు దిగే వైపు వద్దు. పారే కాలువలో అసలే వద్దు, ఆగిపోతే చేతికి దొరకదు. ఇంటికి రాగానే షాఫ్టు లాగి తుడిచి, గ్రీజు పెట్టండి.