జీర్ణరథోద్ధారకుడు

ఖమ్మము విడిచి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు దారిలో ఏ యూర విచారించినను, పెరటి వేపచెట్టు కొమ్మకు చైన్‌బ్లాకు వ్రేలాడుచుండగా దాని క్రింద బానెట్టు విప్పిన అంబాసిడర్ కారు నొకదానిని నిలిపి, పాత లుంగీని మోకాళ్లపైకి బిగించి, కళ్లజోడును నుదుటి కెక్కించి, లోకమంతయు తన పిస్టన్ రింగుల విషయమున కుట్ర పన్నుచున్నదని గాఢముగా నమ్ము పెద్దమనిషి యొక్కడైనను కనబడకపోడు.

నేను వర్ణింపబోవు మహాశయుడు పాల్వంచవాడు. సబ్‌ట్రెజరీలో ముప్పదియేండ్లు పద్దులు వ్రాసి పింఛను పుచ్చుకొనుచున్నవాడు. తండ్రిగారు తునికాకు కాంట్రాక్టరు. వేసవులలో ఏజెన్సీ కల్లముల వెంట తిరుగుటకై వారు కొన్న అంబాసిడరును, అన్నదమ్ముల పంపకములలో మాగాణి తమ్మునికి వదలి, ఈయన తన వాటాగా తీసికొనెను. తమ్ముడు నేటికిని అన్నగారిని తలచునపుడెల్ల చేతులు జోడించును.

దానిని అంబాసిడరనినచో ఆయనకు సరిపడదు. ‘స్పోర్ట్సు కారు తోబుట్టువు’ అనవలెను. ఈ మాట వట్టి ప్రగల్భము కాదు. మన అంబాసిడరు విలాయతీ మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి ప్రతిరూపము. దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషనువారి బి-సిరీస్ వంశములోనిది; 1955లో అబింగ్డన్ కర్మాగారమునుండి వెలువడి ధనికుల బిడ్డలను గాలిలో తేల్చిన ఎం.జి.ఎ. అను రెండుసీట్ల కారులో మొదట అమర్చినదియు ఆ కొలత బి-సిరీస్ ఇంజనే. “మరి సారూ, మనది ఉరకదేం?” అని వీధికుర్రవాడెవడైన నడిగినచో, “దానికి జంట ఎస్.యు. కార్బురేటర్లురా, మనకొకటే. అంతే తేడా!” అని, మిగిలిన తేడాలనన్నిటిని ఆ యొక్క కార్బురేటరుపై నెట్టి, ఆయన నిశ్చింతగా పాన అందుకొనును. ఊరివారును దీనికి ఆక్షేపింపరు. కొత్తగూడెములోని రైలుస్టేషనును ‘భద్రాచలం రోడ్’ అని పిలుచుచు, అక్కడ దిగిన యాత్రికుడు రాముని చూచుటకు ఇంకను నలుబది కిలోమీటర్లు పోవలసియున్నను ఎన్నడును నొచ్చుకొనని ప్రజలు గదా!

పొదుపు విషయమున ఆయన దీక్ష అసామాన్యము. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, సర్కారు పైకమును భద్రాద్రి గుడికి వెచ్చించి, గోలకొండ చెరసాల పాలై, సీతమ్మకును తమ్ములకును చేయించిన నగల ఖరీదులను కీర్తనలో రామునికే ఏకరువు పెట్టిన కంచర్ల గోపన్న తిరిగిన నేల యిది. గోపన్న ముందు ఖర్చుపెట్టి పిదప లెక్క చెప్పెను; ఈయన ముందు లెక్క వ్రాసి, పిదప ఖర్చును అందులో ఇమిడించును. ఇంజను పనికి ముప్పది వేలని నోటుపుస్తకము మొదటి పుటలో ఎర్రసిరాతో మంజూరు చేసికొనినాడు. పిస్టన్లకై విజయవాడ ఆటోనగరునకు పోయివచ్చిన చార్జీలు, ఆ యూర చెల్లెలి యింట భోజనము చేసినందున, ‘బంధుదర్శనము’ పద్దున పడినవి. బోరు గేజియు టార్క్ రెంచియు ‘స్థిరాస్తి’. సింగరేణిలో పనిచేసి రిటైరైన ఫిట్టరునకు పూటపూటకు తెప్పించిన టీలును బిర్యానీ పొట్లములును ‘అతిథి మర్యాద’. ఇట్లు అన్నిటికిని తగిన గృహములు దొరకుటచే, ఇంజను పద్దు నేటికిని ముప్పది వేలు దాటిన పాపమున పోలేదు. ఇంటి తానీషాయగు ఇల్లాలు మాత్రము ఈ పద్దుల నంగీకరింపదు. ఆమె పాసుబుక్కు చూచును.

న్యాయము చెప్పవలెనన్నచో, ఆయన పని తెలియనివాడు కాడు. సిలిండరులో రింగులు తిరుగాడుచోట గోడ యరిగి, వాని కందని పైయంచున సన్నని గట్టొకటి మిగులుననియు, ఆ గట్టు తీయక కొత్త రింగులు దించినచో పైరింగు దానికి తగిలి విరుగుననియు ఆయన యెరుగును. అరుగుదల హద్దులో నున్నచో రింగులతో గడపవచ్చును. మీరినచో బోరు చేయింపక తప్పదు. అప్పుడును ఇరవై థౌ, నలభై థౌ పెద్దవైన పిస్టన్లు ముందు చేతికి వచ్చి, వానిని కొలిచిన తరువాతనే బ్లాకును బోరు మిషను క్రింద పెట్టవలెను గాని, ముందు బోరు చేసి పిస్టన్లకై దేశములు పట్టి తిరుగరాదు. క్రాంకు గ్రైండింగు మెషీన్‌షాపు పని. వాల్వుల సీటింగు ఇంటి పని. ఇంటిలో చేసికొనినచో కూలి దక్కును, నడుము దక్కదు.

ఆయన యీ పనిలో నుండగా చూడవలెను. వాల్వు అంచునకు బూడిదరంగు పేస్టు పలుచగా పూసి, రబ్బరు కప్పు గల కర్రను దాని తలకు అంటించి, అరచేతుల నడుమ కుడియెడమలకు త్రిప్పి, పైకెత్తి తుడిచి, ఎండకు పట్టి పరికించును. అంచు చుట్టును ఎక్కడను తెగని మసకవలయము కనబడినను తృప్తిలేక, స్ప్రింగులు బిగించి, పోర్టులో కిరోసిను పోసి, వాల్వు ప్రక్కల చెమ్మ యూరునేమోయని ఊపిరి బిగబట్టి కూర్చుండును. ఆ సమయమున ముఖ్యమంత్రి వచ్చి గుమ్మమున నిలిచినను అరుగుమీద కూర్చుండుమని సైగయే చేయును.

ఇంతటి నిపుణుడు హెడ్ గ్యాస్కెట్టు దగ్గర జారిపడెను. పాతదాని రాగిరేకు చెక్కుచెదరలేదని, దానినే తుడిచి, తిరిగి పరచి, నట్లను మాత్రము నడుమనుండి అంచులకు క్రమము తప్పక బిగించెను. మూడవనాడు మూత విప్పి చూడగా ఆయిలు మజ్జిగవలె తెల్లబడియున్నది, నీరు కలిసినది. కొత్త గ్యాస్కెట్టు, కొత్త ఆయిలు, ఫిట్టరు, ఫిట్టరుతోపాటు బిర్యానీ, సర్వము మరల వచ్చెను. అయినను పుస్తకమున పాత గ్యాస్కెట్టు వాడుటవలన మిగిలిన సొమ్ము జమ వైపుననే నిలిచియున్నది. ఆయిలు నష్టము ‘దైవికము’.

వెనుకవైపు ఆయిలు కారుట యన్నచో ఆయనకు దోషము కాదు, ప్రసంగావకాశము. ఆ కాలపు బి-సిరీస్ ఇంజనులలో క్రాంకు తోక దగ్గర రబ్బరు సీలుండదు. కడ్డీపై చెక్కిన మరచుట్టు, తిరుగునపుడు ఆయిలును లోనికి త్రోయును. ఇంజను ఆగినచో చుట్టు ఏమి చేయగలదు? అందుచే రాత్రి కారు క్రింద కంచము పెట్టి, తెల్లవారి కారినదానిని భార్యామణి వాయిల్ చీర చెరగుతో వడగట్టి మరల పోయును. చెరగు ఖరీదు ఏ పద్దున వ్రాసెనో నాకు కనబడలేదు.

2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ నిలిచినదను వార్త వచ్చినపుడు, తక్కిన యజమానులు స్పేరుపార్టులకై దిగులుపడగా, ఈయన తన బండి ఆనాటితో క్లాసికు పదవి నందినదని వీధికెల్ల లడ్డూలు పంచెను. అదే యేడు భద్రాచలము ప్రక్కనున్న ఎటపాక ఆంధ్రప్రదేశములో చేరుటయు ఆయనకు కలిసివచ్చెను. ఇంజను బిగింపు ముగిసి, గోదావరి వంతెన దాటి ఎటపాక దాక ట్రయలు నడిపి వచ్చి, ‘అంతర్రాష్ట్ర యాత్ర, నిర్విఘ్నము’ అని వ్రాసికొనెను.

కష్టము అక్కడినుండియే ఆరంభమయ్యెను. బండి తొలి సెల్ఫుకే స్టార్టగుచున్నది, పొగ లేదు, ఆయిలు ప్రెషరు ముల్లు కదలదు. చైన్‌బ్లాకుపై పిల్లలు ఉయ్యాల కట్టిరి. ఫిట్టరు రాక మానెను. ఆయన పత్రికలోని వివాహప్రకటనలవరకు చదివి, సాయంకాలము బానెట్టు తెరచి, విని, నిట్టూర్చి మూయుచు వచ్చెను. ఒకనాడు నేను వెళ్లగా నన్ను రెక్కపట్టి కారు దగ్గరకు లాగి, “వినండి, రెండో సిలిండరు దగ్గర... టిక్కుటిక్కు!” అనెను. నాకు పిచ్చుకల కూతలే వినబడినవి.

“ఏమండీ,” అని లోపలినుండి ఇల్లాలు పలికెను, “నట్లు, బోల్టులు వేసుకోడానికి చిన్న పళ్లెం చాలునా? మా పుట్టింటి తాంబాళం తేనా?”

“అబ్బే, ఊరికే టాపెట్ కవరు వరకేనే!”

“అయితే తాంబాళమే తెస్తానుండండి.”