ఆన్‌లైన్ గిరీశాలు

గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం, సంతలో సామాన్లు కొనిపెడతానని విజయనగరం పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకొని, సరుకూ తేక సొమ్మూ తిరిగివ్వక, దానిని తన వినోదానికి ఖర్చుపెట్టిన వైనం, ముందే డబ్బు కట్టించుకొని ముఖం చాటేసే నేటి కొన్ని ఆన్‌లైన్ వ్యాపారాలకు మూలగ్రంథంగా పరిగణించదగినది. అయితే చీపురుకట్ట పట్టుకొని వెతుక్కుంటూ వెళ్లడానికి పూటకూళ్లమ్మకు ఒక ఇల్లయినా దొరికింది గాని, నేటి శ్రీకాకుళం కొనుగోలుదారుకు దొరికేది చాట్‌బాట్, అనగా ఏ ప్రశ్నకైనా క్షమాపణనే జవాబుగా వల్లించే యంత్రం, మాత్రమే.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెల రోజుల్లో దానిని పరిష్కరించాలి. 2023 నాటి మార్గదర్శకాలు ‘డార్క్ ప్యాటర్న్స్’ను, అంటే అడగని వస్తువును బిల్లులో చేర్చడం, చందా రద్దుచేసుకునే దారిని దాచడం వంటి 13 రకాల మాయలను నిషేధించాయి. కాగితం మీద ఇంత మర్యాద ఉన్నా, డబ్బు తీసుకోవడానికి క్షణం పట్టే సంస్థలకు తిరిగివ్వడానికి మాత్రం ‘ఏడు పనిదినాలు’ చాలకపోవడం విశేషం. ఫోనెత్తే మనిషి, ముందే చెప్పిన పూర్తి ధర, గడువులోగా వాపసు: కొనుగోలుదారును గౌరవించడానికి ఇంతకుమించిన శాస్త్రమేదీ అక్కర్లేదు.

అది అబ్బని సంస్థలపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలు దాటకపోతే రుసుము కూడా ఉండదు.