సాంచ గుళికల పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
సాంచ గుళికలకును సైజు దిద్దెడి మర
గ్రీజు తోడ నొకటి కెమెర ముందు
బల్ల మీద బెట్టి పనిచేయునట్లుగా
చూపవలయు, నద్దె చూచి తెండు

అవతారిక

ఈ ఆటవెలది ఏ కావ్యంలోదీ కాదు. జూబ్లీ హిల్స్‌లో ఒకానొక ప్రొడక్షన్ ఆఫీసులో, నలభై రెండో సీను తాలూకు ప్రాపర్టీ లిస్టులో, ‘లాంతర్లు ఆరు, జీనులు రెండు, గడ్డి తగినంత’ అన్న పంక్తి కింద కనిపిస్తుంది. కర్త పేరు లేదు. చదువుకునే రోజుల్లో అవధాన సభల్లో పృచ్ఛకుడిగా కూర్చుని, ఆనక కృష్ణానగర్‌లో గది తీసుకున్న కో-డైరెక్టర్ ఎవరో అయివుంటాడని పెద్దల ఊహ. సందర్భం తేటగానే ఉంది. కౌబాయ్ కథ, విలన్ డెన్, రాత్రి. విలన్ తన రివాల్వరుకు కావలసిన గుళికలు తానే తయారుచేసుకుంటూ రెండు పేజీల డైలాగు చెప్పాలి.

మన పరిశ్రమకు తుపాకీ కొత్త కాదు. 1971లో ఆరుద్ర రాయగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ గుర్రమెక్కింది మొదలు, 1990 నాటి ‘కొదమసింహం’ మీదుగా 2002 నాటి ‘టక్కరి దొంగ’ దాకా తెర మీద పేలిన గుళికలకు లెక్క లేదు. ఆరు తూటాల రివాల్వరు ఆగకుండా పదమూడుసార్లు పేలినా హాల్లో అడిగిన నాథుడు లేడు. అలాంటి చోట గుళికకు కొలత ఉందనీ, దానికో గ్రీజు ఉందనీ గుర్తుపెట్టుకున్న కవికి ముందుగా ఒక నమస్కారం.

ప్రతిపదార్థం, విశేషాలతో

సాంచ = అచ్చునందు పోయబడిన. సిరిసిల్లలో ఈ మాట అంటే మరమగ్గం గుర్తొస్తుంది గాని ఇక్కడ ఆ అర్థం పొసగదు. హైదరాబాదు వాడుకే ఇక్కడ ప్రమాణం. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగులు పోత పోయించిన కార్ఖానాను జనం తోప్ కా సాంచా అన్నారు, అదే నేటి గన్‌ఫౌండ్రీ. ఆబిడ్స్ దగ్గర బస్సు దిగేవాళ్లలో ఎందరికి అక్కడ కరిగిన లోహం గుర్తుకొస్తుందో గాని, మన కవికి గుర్తుంది.

గుళికలకును = సీసపు గుళ్లకు. ఇక్కడ ఆర్ట్ అసిస్టెంట్లు తరచు పొరబడతారు. ఇత్తడి తొడుగుతో సహా నిగనిగలాడే తూటాల పెట్టె తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తారు. కవి అడిగింది తూటా కాదు, దాని ముక్కున కూర్చునే సీసపు మొన. మందు, తొడుగు, క్యాపు ఇవేవీ ఈ మర గడప తొక్కవు. ఈ సీసం వట్టి సీసమూ కాదు. తగరం కలిపితే అచ్చు మూలమూలకూ పారుతుంది, యాంటిమొనీ కలిపితే గట్టిపడుతుంది. అమెరికాలో ఇంటి షెడ్లలో ఈ పని చేసుకునేవాళ్లు ఏళ్ల తరబడి టైర్ల షాపుల్లో పారేసిన చక్రాల బరువుముక్కలు ఏరుకొచ్చి కరిగించారు. అందుచేత రంగు వెండిలా మెరవకూడదు, వాన మబ్బులా ఉండాలి. సిల్వర్ స్ప్రే కొట్టిన గుళిక ఈ పదం దగ్గరే ఓడిపోతుంది.

సైజు దిద్దెడి = కొలతకు తెచ్చునట్టి. పద్యానికి ప్రాణం ఈ పదమే, కనుక కాస్త నిలబడదాం. అచ్చులోంచి రాలిన గుళిక కావలసినదానికంటే ఒక పిసరు లావుగా ఉంటుంది, పూర్తి గుండ్రంగానూ ఉండకపోవచ్చు. దాన్ని ఉక్కు డై గుండా నొక్కి దాటిస్తే అన్నీ ఒక్క కొలతకు వస్తాయి. ఆ కొలత ఎంత? గొట్టం లోపలి గాడి వ్యాసం కంటే అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ. తల వెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో అనుకోండి. పాయింట్ 38 స్పెషల్ రివాల్వరు గాడి మామూలుగా పాయింట్ 357 అంగుళాలు ఉంటుంది, అందులోకి పోతగుళిక పాయింట్ 358కి దిద్దుతారు. పాయింట్ 45 పిస్తోలులో 451 గాడికి 452.

‘గుళిక సన్నగా ఉంటేనే గదా సులువుగా దూసుకుపోయేది’ అని మందబుద్ధులు శంకిస్తారు. అది తప్పు. సన్నగా ఉంటే వెనక మండే వాయువు పక్కల సందుల్లోంచి ముందుకు ఎగబాకి, పోతూపోతూ సీసాన్ని కరిగించి గొట్టం గోడలకు పూసేస్తుంది. పది గుళ్లు పేలేసరికి గొట్టం లోపల సీసపు పొర, గురి ఎక్కడికో. గుళిక కొద్దిగా లావుగా ఉండి, గాడిని నిండుగా పట్టుకుని వెళ్లాలి. ఇక్కడే కవి చెప్పకుండా దాచిన సూక్ష్మం ఒకటుంది. గాడి కొలత డబ్బా మీద అచ్చువేసినట్టే ఉంటుందని నమ్మకూడదు. మెత్తని సీసపు బిళ్లను గొట్టంలోంచి మెల్లగా దిగగొట్టి, బయటికి వచ్చాక మైక్రోమీటరుతో కొలవాలి. ముందు గొట్టం, తరువాత డై, ఆ తరువాతే మర. వేలు పోసి మర కొన్నాక గొట్టం కొలిచేవాణ్ణి చూసి శాస్త్రం నవ్వుతుంది.

మర = యంత్రము. ఇక్కడ మూడు మతాలు.

మొదటిది లైమన్ మతం. ఐడియల్ అనే కంపెనీని 1884లో బార్లో అనే ఆయన పెట్టాడు, 1925లో దాన్ని లైమన్ వాళ్లు కొన్నారు. ఆ పరంపరలోనివే 45, 450, 4500 అనే మరలు. ఆర్‌సీబీఎస్ వారి ల్యూబ్-ఎ-మాటిక్ ఈ గోత్రంలోదే, ఒకదాని డైలు మరొకదాంట్లో ఇముడుతాయి. ఇందులో గుళికను అడుగు కిందికి, మొన పైకి ఉండేలా నిలబెట్టి పిడి దించుతారు. గుళిక డైలోకి దిగుతుంది, పక్కనున్న చిల్లుల్లోంచి గ్రీజు ఒత్తిడితో వచ్చి దాని మెడ చుట్టూ ఉన్న గాడుల్లో నిండుతుంది, పిడి ఎత్తగానే దిగిన దారినే పైకి వస్తుంది. పై నుంచి నొక్కే పంచి మొన ఆకారానికి సరిపోవాలి, లేకపోతే ముక్కు చిట్లుతుంది. గుళిక మార్చినప్పుడల్లా పంచి వెదుక్కోవడం ఈ మతంలో నిత్యకృత్యం.

రెండోది స్టార్ మతం. ఇందులో గుళిక మొన కిందికి పెట్టి దిగుతుంది, పంచి దాని చదునైన అడుగును తోస్తుంది కనుక ముక్కు గొడవ లేదు. ఒకటి దిగితే దాని ముందుది కింది నుంచి రాలిపోతుంది. వెనక్కి రావడమన్నది లేదు. చేయి తిరిగినవాడి దగ్గర గంటకు వందలు రాలుతాయి. ఖరీదూ అలాగే ఉంటుంది.

మూడోది లీ మతం, పేదల పాలిటి పెన్నిధి. తూటాలు కూర్చే మామూలు ప్రెస్సు మీదే చిన్న డై బిగించి గుళికను తోసేయడమే. గ్రీజు ఇక్కడ లేదు. ఆలాక్స్ అనే పల్చటి ద్రవం చిలకరించి, గిన్నెలో దొర్లించి, ఆరబెడతారు. ‘గ్రీజు తోడ’ అన్న మూలానికి విరుద్ధం గనుక ఈ మతం ఈ పద్యంలో నిలవదు. ఇప్పుడు పౌడర్ కోటింగ్ కొట్టి గ్రీజే వద్దనే నవీనులు కూడా బయల్దేరారు. వారితో మనకు వాదం లేదు.

గ్రీజు తోడ = కందెనతో సహా. 1857లో దేశం ఎందుకు భగ్గుమందో తెలిసినవారు ఈ పదాన్ని తేలిగ్గా చదవరు. ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి పూసింది ఏ కొవ్వు అన్న అనుమానంతో సిపాయిలు రగిలారు. ఎవరికిష్టమైన పూత వారే పూసుకోవచ్చని సర్కారు ఆ జనవరిలోనే దిగివచ్చినా అప్పటికే ఆలస్యమైంది. ఆ మంట జులై 17న మన కోఠీ రెసిడెన్సీ గేటు దాకా వచ్చింది, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ముందు నిలిచారు. కాబట్టి ప్రొడక్షన్ మేనేజర్లు ‘ఏదో ఒక గ్రీజు’ అనరాదు. అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పేరిట చలామణి అయిన పాళ్లు తేనెమైనం సగం, ఆలాక్స్ సగం. కాకపోతే అది కెమెరాలో నెయ్యిలా కనిపిస్తుంది, విలన్ బొబ్బట్లు చేస్తున్నాడన్న భ్రాంతి కలుగుతుంది. నీలం రంగు గట్టి మైనం ఉత్తమం. బూడిదరంగు గుళిక దిగి, మెడలో రెండు నీలపు వలయాలతో పైకి రావడం క్లోజప్పులో ఎంత బాగుంటుందో నేను వేరే చెప్పాలా? గట్టి మైనం చల్లని గదిలో కదలదు, వెచ్చబెట్టే హీటరు 4500కు దొరుకుతుంది. ఏసీ ఫ్లోరులో హీటరు, మే నెల ఔట్‌డోరులో గొడుగు.

నొకటి = ఒకటి మాత్రమే. విశేషం లేదు. ఆఫీసులో అందరికీ అర్థమైన పదం ఇదొక్కటే.

కెమెర ముందు బల్ల మీద బెట్టి = స్పష్టము. మర బల్లకు బోల్టులతో బిగించి ఉండాలి. పిడి లాగగానే మర మొత్తం లేచి విలన్ ఒళ్లో పడితే రౌద్ర రసం పాడవుతుంది.

పనిచేయునట్లుగా = పనిచేయుచున్నట్లు. ‘పనిచేయుచు’ అనకుండా ‘నట్లుగా’ అనడంలో కవి లోకజ్ఞత ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం అయిదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు, మందుగుండు తయారుచేయడం నేరం. అమెరికాలో పెరటి షెడ్డు విద్య జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు కేసవుతుంది. సీసం ఉన్న చోట మందు ఉండరాదు, మందు ఉన్న చోట షూటింగు ఉండరాదు. గుళికలు మైనంతో పోసి రంగు వేస్తే చాలు, కెమెరా వాటిని తూచి చూడదు.

చూపవలయు = చూపింపవలెను. ఈ ఒక్క పదం కారణంగా మర ఎంపిక తలకిందులవుతుంది. నిజంగా గుళికలు దిద్దుకునేవాడు రోజుకు వందలైతే స్టార్ కొంటాడు, నెలకోసారి గుప్పెడైతే లీ డైతో సర్దుకుంటాడు. కెమెరాకు మాత్రం స్టార్ పనికిరాదు. అందులో దిగిన గుళిక మళ్లీ కనిపించదు, గ్రీజు పట్టినట్టు ప్రేక్షకుడికి సాక్ష్యం లేదు. లైమన్ మతంలో గుళిక దిగి, అదే చోట మారిన వేషంతో తిరిగి పైకి వస్తుంది. షూటరుకు విసుగు తెప్పించే ఆ వెనుకడుగే డైరెక్టరుకు షాట్. కనుక ఈ సీనుకు లైమన్ జాతి మరే సిద్ధాంతం.

ఇందులోనూ కాలనిర్ణయం కావాలి. కథ 1880ల నాటిదైతే బల్లకు బిగించే మర కాలవిరుద్ధం. ఐడియల్ వారి తొలినాటి పనిముట్టు పటకారు ఆకారంలో, ఒక కొసన అచ్చుతో, చేత్తో పట్టుకునేది. విలన్ చేతిలో అది ఉంటే డైలాగు చెబుతూ అటూ ఇటూ తిరగవచ్చు కూడా. ఇది డైరెక్టర్ చెవిన వేయడం మంచిది. అయితే ఆయనకు బల్ల, లాంతరు, నీలపు మైనం కావాలని ముందే మనసులో పడిపోయి ఉంటే శతాబ్దాన్ని మార్చడమే సులువు.

పూర్వపక్షం

‘జంతికల గొట్టానికి సిల్వర్ పెయింట్ వేసి పెడితే సరిపోదా?’ అని ప్రాపర్టీ మనిషి. దీన్ని తోసిపుచ్చడానికి నా మనసొప్పదు. లైమన్ మరలో గ్రీజు ఉండే గొట్టం కూడా సరిగ్గా అదే సూత్రం మీద నడుస్తుంది. పైన మర తిప్పితే లోపలి బిళ్ల కిందికి దిగి ముద్దను ఒత్తుతుంది. తేడా బిళ్ల చిల్లుల్లోనే. కనుక గ్రీజు గొట్టం మేరకు జంతికల గొట్టం అంగీకార్యం. పిడి, డై, పంచి మాత్రం బాలానగర్‌లో లేతు మీద తిప్పించాల్సిందే. ప్లాస్టరుతో చేసిన పిడి విలన్ చేతిలో రెండో టేకుకు విరుగుతుంది, ఆ దృశ్యం నవ్వుల సీనుల సంపుటిలోకి ఎక్కుతుంది.

తాత్పర్యము

అచ్చులో పోసిన సీసపు గుళికలను సరైన కొలతకు దిద్ది, గాడుల్లో మైనం నింపే యంత్రం ఒకటి, నిజంగా పనిచేస్తున్నట్టే అనిపించేలా, విలన్ బల్ల మీద పెట్టి కెమెరాకు చూపాలి, అద్దె ఎంతో ముందు కనుక్కుని తెండి అని భావం.

ఛందోవిచారం

రెండో పాదంలో గ్రీ, కెల యతి కొందరికి మింగుడుపడదు. కవర్గంలోని గకారానికి కకారంతో మైత్రి ఉంది, ఈకార ఎకారాలు మిత్రులే, కాబట్టి దోషం లేదు. మొదటి పాదంలో సా, సైలకు ఆకార ఐకార మైత్రి. ‘కెమెర’ అని హ్రస్వం చేసినందుకు కెమెరామన్ అభ్యంతరం చెప్పాడట, పట్టించుకోనక్కరలేదు.

పాఠాంతరం

ప్రొడ్యూసర్ ఆఫీసు ప్రతిలో నాలుగో పాదం ‘చూపవలయు, నద్దె సున్న చేసి’ అని కనిపిస్తున్నది. చకారానికి సకారంతో యతి చెల్లుతుంది, గణాలు కూడా సరిగ్గా అయిదు సూర్యగణాలే. ఛందస్సు వైపు నుంచి దీన్ని కాదనడానికి వ్యాఖ్యాతకు దారి దొరకలేదు. ఆర్ట్ డైరెక్టర్ వెదుకుతున్నాడు.