తాళం పోయినప్పుడు చెవిన పెట్టకూడని సలహాలు

కారు తాళం పోయిన మనిషి చుట్టూ ఐదు నిమిషాల్లో జనం చేరతారు. నాకు మలక్‌పేట గంజ్‌లో చేరారు. ఏడాదికి సరిపడా కారం పట్టించాలని అమ్మతో కలిసి ఎండుమిర్చికి వెళ్లాను. బస్తాలోంచి పిడికెడు తేజ కాయలు తీసి, తొడిమ విరిచి, గింజ రాల్చి చూసేసరికి ఘాటు నషాళానికి అంటింది. తుమ్ముకుంటూ జేబులోంచి రుమాలు లాగాను. తాళం అప్పుడే జారి ఉండాలి. బస్తాలు డిక్కీ దాకా వచ్చాక గాని సంగతి బయటపడలేదు. ఇంట్లో రెండో తాళం లేదు. సెకండ్ హ్యాండ్ కారు. అమ్మినాయన ఒక్కటే ఇచ్చాడు, నేను ఒక్కటే తీసుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా నాకు అందిన సలహాలు ఇవి. ఇచ్చినవాళ్లందరూ నా మేలు కోరే ఇచ్చారు. కానీ వీటిలో ఏ ఒక్కటి విన్నా నష్టపోయేవాణ్ణి. రేపు మీకూ ఇవే వినిపిస్తాయి కాబట్టి రాస్తున్నాను.

మొదటిది: "సార్, స్కేలు దూర్చి డోరు తీస్తా, స్టార్ట్ చేసుకో." డోరు తెరుచుకున్నంత మాత్రాన ఇంజన్ అందుకోదు. తాళం తలలో, ప్లాస్టిక్ లోపల చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. తాళం దూర్చే రంధ్రం చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ తరంగాలు పంపుతుంది. వాటి నుంచే చిప్‌కు కరెంటు అందుతుంది, చిప్ తన గుర్తు చెబుతుంది. ఆ గుర్తు కారు కంప్యూటర్‌లో ఉంటేనే ఇంజన్ నడుస్తుంది. దీన్నే ఇమొబిలైజర్ అంటారు. మారుతి కార్లలో ఐక్యాట్స్ అనేది ఇదే. యూరప్‌లో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. అద్దం పగలగొట్టినా, స్టీరింగ్ కింద వైర్లు కలిపినా మీటర్ మీద ఎర్ర తాళం గుర్తు మెరుస్తూనే ఉంటుంది.

రెండోది ఫోన్లో మా బావది: "రిమోట్‌లో సెల్ మార్పించు బావా, మా బండికీ అలాగే అయింది." ముందు తాళం ఉంటే కదా! ఉన్నా కూడా ఆ సెల్ డోర్లు తీసి వేసే బటన్లకే. చిప్‌కు దాంతో పని లేదు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో సెల్ అయిపోతే తాళాన్ని ఆ బటన్‌కు ఆనించి చూడండి, చాలావాటిలో పని చేస్తుంది.

"తాడు కట్టి ఎల్బీనగర్ దాకా లాక్కుపోదాం అన్నా" అని ఒక ట్రాలీ ఆటో అబ్బాయి ముందుకొచ్చాడు. తాళం లేని కారు స్టీరింగ్ బిగుసుకుపోయి ఉంటుంది. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, వరుసగా మెట్రో పిల్లర్లు, ఆ రద్దీలో తిరగని స్టీరింగ్‌తో తాడు మీద ప్రయాణమంటే ప్రాణాల మీదికి వస్తుంది. లాగాల్సి వస్తే బండిని మొత్తంగా పైకెక్కించుకునే వాహనమే పిలవండి. నేను కారును గంజ్‌లోనే వదిలేశాను. మిర్చి బస్తాలు ఆటోలో కొత్తపేట చేరాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా మర్నాడు పొద్దున ఒక తాళాల అతను ఇచ్చాడు. ఒట్టి తాళం కోస్తాడట, కొన్ని వందలే. ఎలాగోలా ఒక చిప్‌కు గుర్తు ఎక్కించి, దాన్ని స్టీరింగ్ కింద రాగి చుట్ట పక్కన టేపుతో శాశ్వతంగా అతికించేస్తాడట. ఇక ఏ మామూలు తాళమైనా పని చేస్తుంది, ఎన్ని కావాలంటే అన్ని కోయించుకోవచ్చు. వినడానికి చవకగా, తెలివిగా ఉంది. అదే చేయిస్తే కారు ఎప్పుడూ తనకు అసలు తాళం పెట్టారనే అనుకుంటుంది. బీరం విరగ్గొట్టి తిప్పగలిగిన ప్రతివాడికీ స్టార్ట్ అవుతుంది. వాహనాన్ని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్తలన్నీ యజమాని తీసుకోవాలని మోటారు పాలసీలో షరతు ఉంటుంది. రేపు కారు పోతే ఆ టేపు గురించి ఏమని చెబుతాం? ఇంకొక మాట. అతను నన్ను ఆర్సీ అడగలేదు. నా ఆర్సీ అడగకుండా నా కారుకు తాళం చేసేవాడు, రేపు వేరొకడు వచ్చినా అడగకుండానే చేస్తాడు. అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

నాకు తెలిసినవాళ్లలో చాలామంది నమ్మే సలహా ఇంకొకటి ఉంది. "పోతే పోనీ, స్పేర్ ఉంటే చాలు కదా." చాలదు. పోయిన తాళం ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఎవరో ఒకరి చేతిలో పడుతుంది, మీ కారు దాన్ని ఇంకా గుర్తుపడుతుంది. చిప్ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరనుకోవడం కూడా పొరపాటే. 2005లోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు లక్షల కార్లలో వాడుతున్న 40 బిట్ల చిప్‌ను ఛేదించి చూపించారు. అలాంటిది మీ అసలు తాళమే బయట తిరుగుతుంటే ఛేదించే శ్రమ కూడా అక్కర్లేదు. అందుకే కొత్త తాళం చేయించడం సగం పనే. పాతదాన్ని కారు మరిచిపోయేలా చేయించడం మిగతా సగం.

నేను చేయించింది ఇలా. పోయిన చోటు పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన కాపీ తెచ్చుకున్నాను. పాలసీలో తాళం మార్పిడికి అదనపు కవర్ ఉంటే క్లెయిమ్‌కు ఇలాంటి కాగితం అడుగుతారు. కారు దొంగతనం క్లెయిమ్‌లో అసలు తాళాలన్నీ చూపించమంటారు కాబట్టి, ఒకటి ఫలానా రోజున పోయిందన్న రుజువు ఆనాడూ పనికొస్తుంది. తర్వాత ఆర్సీ, ఆధార్ చూశాకే పని మొదలుపెట్టే మెకానిక్‌ను పిలిపించాను. అతను స్టీరింగ్ కింద పోర్టుకు చేతిలోని యంత్రం తగిలించి, కోడ్ కొట్టి, తెర నావైపు తిప్పాడు.

"సార్, మీకు ఎన్ని తాళాలు ఇచ్చారు?"

"ఒకటి."

"దీంట్లో మూడు నమోదై ఉన్నాయి."

ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయాను. రెండేళ్లుగా నా వీధిలో, నా గేటు ముందు నిలబడ్డ కారుకు నేనెరగని తాళాలు రెండున్నాయి. అవి ఎవరి ఇంట్లో, ఏ సొరుగులో ఉన్నాయో అమ్మినాయనకూ తెలిసి ఉండకపోవచ్చు. అదీ సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు "ఒక్క తాళం చాల్లే" అన్న సలహా విన్నందుకు. కొనేరోజే ఈ అంకె చూపించమనండి. తాళాల గుత్తికి వచ్చే నంబరు బిళ్ల కూడా అడిగి తీసుకోండి. తాళం కోయడానికి ఆ నంబరు అక్కరకొస్తుంది.

అతను మూడూ చెరిపేశాడు. కొత్తవి రెండు చేశాడు. ఇంట్లో తాళం మిగిలి ఉన్నవాళ్లు దాన్ని కూడా వెంట తీసుకెళ్లాలి. చాలా కార్లలో అన్నిటినీ ఒకే విడతలో నమోదు చేయాలి, ఆ సమయానికి అక్కడ లేనిది పని చేయదు. ఖర్చు వేలల్లోనే అయింది. రెండో తాళానికి అదనంగా పడింది మాత్రం మొదటిదానితో పోలిస్తే బాగా తక్కువ. పని అయ్యాక తెర మళ్లీ చూపించమన్నాను. రెండు.

వారం తర్వాత గంజ్ నుంచి ఫోన్. కాటా కింద ఊడుస్తుంటే హమాలీకి తాళం దొరికింది. పళ్ల సందుల్లో ఎర్రటి కారం. వెళ్లి, అతని చేతిలో టీ డబ్బులు పెట్టి, అక్కడే కారులో దూర్చి తిప్పి చూశాను. స్టార్టర్ తిరిగింది, ఇంజన్ అందుకోలేదు. ఎర్ర గుర్తు మెరుస్తూనే ఉంది. డోరు మాత్రం ఆ తాళానికి ఎప్పటిలాగే తెరుచుకుంది. చెరిపింది చిప్ గుర్తునే, ఇనుప పళ్లు అవే కదా. నేను చూడని ఆ రెండు తాళాలకూ అది అలాగే తెరుచుకుంటుంది. డోర్ బీరాలు మార్పించడానికి శనివారం వెళ్తున్నాను.