ఫిల్ములో పడని నొప్పి

పాలకొల్లు వాళ్ళకు నటన గురించి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. అల్లు రామలింగయ్య మావాడు, దాసరి నారాయణరావు మావాడు, కోడి రామకృష్ణ మావాడు. తెలుగువాళ్ళను నవ్వించినవాడూ, ఏడిపించినవాడూ, గ్రాఫిక్స్‌లో అమ్మవారిని దింపినవాడూ ఈ ఊరి నీళ్ళే తాగారు. అందుకే కాబోలు ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒక డైరెక్టరు ఉంటారు. కోడలు నడుం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడితే చాలు, ఆ షాటు ఓకేనో కాదో మంచం మీంచే తేల్చేస్తారు. "నిన్న పెళ్ళిలో ఇకఇకలు పకపకలు, ఇవాళేమో నొప్పులు! మాకు తెలీదేంటండీ ఈ వేషాలు?"

ఆవిడ సంగతి కాస్త దగ్గరనుంచి చూద్దాం. నెలల తరబడి ఒళ్ళంతా సలుపు. ఒకరోజు మెడ, ఒకరోజు తుంట్లు, ఒకరోజు అరికాళ్ళు, చాలారోజులు అన్నీ కలిపి. రాత్రి ఎంత పడుకున్నా తెల్లారేసరికి ఎవరో చితక్కొట్టి వదిలేసినట్టుంటుంది. పోపులో ఆవాలు వేశానా లేదా అని బాండీలోకి తొంగి చూసుకోవాలి. గాజులు మణికట్టు మీదికి జారితే నొప్పి, జాకెట్టు భుజం కుట్టు ఒరుసుకుంటే నొప్పి. పిల్లాడు వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. వాడు చిన్నబుచ్చుకుంటాడని పళ్ళు బిగబట్టి నిలబడుతుంది. వైద్యులు దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు. ప్రపంచంలో నూటికి ఇద్దరి నుంచి నలుగురి దాకా ఉంటుందని అంచనా, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పాలకొల్లుకు మినహాయింపు ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు.

ఇలాంటి ఇంట్లో ఒక సంచీ ఉంటుంది. చీరల షాపువాళ్ళు ఇచ్చిన పెద్ద సంచీ, ఎక్స్‌రే మడత పడకుండా పట్టేది అదొక్కటే. అందులో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, థైరాయిడ్, డి విటమిన్. పాలకొల్లులో తీయించినవి, భీమవరంలో మళ్ళీ తీయించినవి, "ఆ ల్యాబు మాకు నమ్మకం లేదండీ" అంటే ఏలూరులో ముచ్చటగా మూడోసారి తీయించినవి. పెద్ద డాక్టరుగారు ఫిల్మును ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకుంటారు. ఆ క్షణంలో ఆవిడ ఏం మొక్కుకుంటుందో తెలుసాండీ? ఏదో ఒకటి కనబడాలని. ఎముక అరిగిందనో, డిస్కు జారిందనో. ఫిల్ము కిందికి దిగుతుంది. "అన్నీ నార్మలేనమ్మా, నీకేం లేదు. టెన్షన్లు పెట్టుకోకు." పక్కనున్న మొగుడుగారు 'నే చెప్పలేదూ' అన్నట్టు సంచీ సర్దుతాడు. వీళ్ళ బస్సు ఊళ్ళోకి రాకముందే వార్త వీధిలోకి వచ్చేస్తుంది: ఏమీ లేదటండీ, డాక్టరుగారే చెప్పేశారట.

పరీక్షలు చేయించొద్దని నేననడం లేదు. థైరాయిడో, కీళ్ళవాతమో ఉందేమో చూసుకోవాల్సిందే. రిపోర్టు నార్మల్ వస్తే ఆ జబ్బులు లేవని అర్థం. నొప్పే లేదన్న తీర్పు ఏ ల్యాబువాడూ అచ్చువేసి ఇవ్వడు. దాన్ని మనమే కింద ఖాళీజాగాలో రాసుకుంటున్నాం.

అసలు ఫిల్ములో ఏం పడుతుంది? ఎముక పడుతుంది. ఈ జబ్బులో ఎముక శుభ్రంగానే ఉంటుంది. తీర్థంలో మైకుసెట్టువాడు మీట పైదాకా తిప్పేసి టీకి వెళ్ళిపోతే, పంతులుగారు గొంతు సవరించుకున్నా ఊరంతా అదిరిపోతుంది కదా. ఇక్కడా అంతే: మెదడూ వెన్నుపామూ నొప్పి సంకేతాలను పెద్దవి చేసి వినిపిస్తాయి. మనమేమో పంతులుగారి గొంతుకు ఫొటో తీసి, వాపేమీ లేదు కదా అని వాదిస్తున్నాం. ఈ తరహా నొప్పికి 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 'నోసీప్లాస్టిక్' అని విడిగా పేరు పెట్టింది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ జబ్బుల పట్టికలో దీర్ఘకాలిక నొప్పి తనంత తానుగా ఒక జబ్బుగా చోటు సంపాదించుకుంది. జెనీవాలో ఒప్పుకున్నారు, మా వీధిలో ఇంకా ఒప్పుకోలేదు.

జబ్బు తేల్చడానికి దారి లేదా అంటే, ఉంది. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీవారు ఒంటి మీద 18 చోట్లు గుర్తించి, ఒక్కోచోట నాలుగు కిలోల ఒత్తిడితో బొటనవేలు పెట్టి నొక్కి, 11 చోట్ల నొప్పి పుడితే ఇదేనన్నారు. 2010లో ఆ నొక్కుళ్ళు పక్కనబెట్టి రోగినే అడగమన్నారు: ఎక్కడెక్కడ నొప్పి, ఎన్ని నెలలనుంచి, పొద్దున లేచాక ఒళ్ళు తేలికపడుతోందా, అలసట ఎంత, మతిమరుపు ఎంత. అంటే ఇక్కడ పరీక్ష అంటే రోగి చెప్పింది పూర్తిగా వినడమే. ఓపీలో నలభయ్యో టోకెను దగ్గర అంతకన్నా ఖరీదైన పరీక్ష ఇంకోటి లేదు.

పోనీ, మనం కంటికి కనబడనిదాన్ని అస్సలు నమ్మని శాస్త్రీయులమా అంటే, అబ్బే! గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ సాక్షిగా దిష్టిని నమ్ముతాం. ఈశాన్యం మూల బరువుందని ఎవరో అంటే, ఏ ఎక్స్‌రే తీయించకుండానే గోడ పడగొట్టించాం. పసివాడు గుక్కపెట్టి ఏడిస్తే గాలి సోకిందని ఈఎస్‌ఆర్ అడక్కుండానే తాయెత్తు కట్టించాం. 1995లో మన కోడి రామకృష్ణగారి 'అమ్మోరు' ఆడినప్పుడు, అత్తారింటివాళ్ళు పెట్టే బాధలు పడలేక కోడలు పిలిస్తే అమ్మవారు రావడం చూసి హాల్లో దణ్ణాలు పెట్టాం. అదే ఇంటికొచ్చాక మన కోడలు నొప్పంటే "రిపోర్టేదీ?" అంటాం. అమ్మవారికి లేని రూలు ఆవిడకెందుకో నాకు బోధపడదు.

ఫిల్ములో పడనంత మాత్రాన నొప్పి ఊరుకోదు కాబట్టి ఆవిడ వీధి చివర ఆర్‌ఎంపీ గారి దగ్గరికి వెళ్తుంది. ఆయన్ని నేను తిట్టను సుమండీ. ఊళ్ళో ఆవిడ చెప్పింది ఆసాంతం విన్నవాడు ఆయనొక్కడే. విన్నాక చేసేదే కొంపముంచుతుంది. "నరాల బలహీనతండి" అంటాడు. వెంటనే మేకుకు సెలైను బాటిలు ఎక్కుతుంది. అర లీటరు సెలైన్లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, తక్కినదంతా నీళ్ళే. అందులో బీ కాంప్లెక్స్ కలిపితే పచ్చగా మారుతుంది. రంగొచ్చిందంటే మందు గట్టిదని లెక్క. కొబ్బరికాయలు లారీలకెత్తి దేశమంతా పంపే ఊరు మాది, బొండం నీళ్ళు తాగితే మాత్రం వైద్యం కిందికి రాదు. బాటిలు కట్టాకే జబ్బుకు హోదా వస్తుంది. నిన్నటిదాకా వేషాలన్న ఆడపడుచే హార్లిక్సు సీసా, అరడజను బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వస్తుంది.

బాటిలుతో ఆగితే బాగుండును. దాని వెంట రెండు సూదులు: నొప్పికని ఒక డైక్లో, ఒక డెక్సా. డెక్సా అంటే స్టెరాయిడ్. పడిన రెండ్రోజులు ఒళ్ళు తేలికగా, ఆకలి జోరుగా ఉంటుంది. "ఆయన చెయ్యి మంచిదండీ" అని పేరొస్తుంది. మూడోనాడు మళ్ళీ మొదటికి. కొందరికి ఆ తర్వాత మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. 2016లో యూరప్ రుమటాలజీ నిపుణుల బృందం ఈ జబ్బుకు వాడుతున్న వైద్యాలన్నీ తిరగేసి, స్టెరాయిడ్లు, గట్టి నల్లమందు జాతి మాత్రలు వద్దని తేల్చింది. మనం పొట్లాల కొద్దీ మింగే మామూలు నొప్పి మాత్రలవల్లా ఈ నొప్పికి ఒరిగేది ఏమీ లేదు. పొట్టలో మంట, దానికో గ్యాస్ బిళ్ళ, ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలకు చేటు. ఆ బృందం గట్టిగా చెయ్యమని చెప్పింది ఒక్కటే: వ్యాయామం. మందులు అందరికీ కాదు, కొందరికి, కొంతమేరకు.

ఆ కొద్ది మందులకూ మన దగ్గర మోక్షం లేదు. ఓ మంచి డాక్టరుగారు దొరికి, రాత్రి పడుకునే ముందు పది మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశారనుకోండి. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి, గొంతు తగ్గించి, కౌంటరు మీదినుంచి వంగి, "మేడమ్, ఇది పిచ్చికి వాడేదండి, తెలుసాండి?" అంటాడు. గొంతు తగ్గించాడే గానీ వెనక లైన్లో ఉన్నవాళ్ళ చెవులు తగ్గించలేదు కదా. దిగులుజబ్బుకు ఆ మందు 75 నుంచి 150 మిల్లీగ్రాములదాకా ఇస్తారనీ, ఇక్కడ రాసింది నిద్ర కుదుర్చుకోవడానికీ నొప్పి సద్దుమణగడానికీ అనీ చెప్పే ఓపిక ఎవరికుంది? మాత్రలు బీరువాలో పట్టుచీరల కిందికి చేరతాయి.

ఇక అత్తగారి వాంగ్మూలం. "మేం రోట్లో దంచలేదా? పొయ్యిలూదలేదా? మాకు రాలేదేం ఈ మాయరోగాలు?" వచ్చే ఉంటాయండీ, అడిగినవాళ్ళు లేరు. వాతమన్నారు, వయసన్నారు, 2006 తర్వాత అయితే అన్నిటినీ చికున్‌గున్యా ఖాతాలో రాసేశారు. నిద్ర చాలకపోవడం సంగతే తీసుకోండి. టొరంటోలో మోల్డాఫ్‌స్కీ అనే డాక్టరు 1975లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే తెచ్చి, గాఢనిద్ర పట్టినప్పుడల్లా చప్పుడుతో చెడగొట్టాడు. కొద్ది రాత్రుల్లోనే వాళ్ళకూ ఒళ్ళునొప్పులు మొదలయ్యాయి. ఆయన పాపం ప్రయోగశాల కట్టుకుని, చప్పుళ్ళు ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర పనంతా ఉచితం: తెల్లవారుజామున పాలవాడి కేక, ఐదింటికి మున్సిపల్ పంపు, మధ్యలో మామగారి దగ్గు.

పైగా "ఇంట్లో ఖాళీగానే కదా ఉంటావు" అనే మాటొకటి. ఈ పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ళు మెడ వంచుకుని లేసులల్లుతూనే ఉన్నారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఇక్కడికొచ్చి, చూసి, 1982లో ఒక పుస్తకమే రాసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు అల్లిపెడుతున్న ఆడదాన్ని 'ఖాళీ సమయంలో ఏదో చేసుకునే గృహిణి' అని లెక్కగట్టడం ఎవరికి లాభమో అందులో విప్పి చెప్పింది. లేసు ఓడెక్కుతుంది, డాలర్లు తెస్తుంది. మెడనొప్పి ఒక్కటే 'ఖాళీగా ఉన్నందువల్ల' వస్తుంది.

పేరున్నవాళ్ళు చెబితేనన్నా నమ్ముతామా? లేడీ గాగా 2018 ఫిబ్రవరిలో ఈ నొప్పులతోనే యూరప్‌లో మిగిలిన పది కచేరీలు రద్దు చేసుకుంది. మన సినిమాల్లో వేసిన పూనమ్ కౌర్‌కూ ఇదే జబ్బని 2022 చివర్లో వార్తలొచ్చాయి. "డబ్బున్నవాళ్ళ రోగమండీ" అని ఒక్క ముక్కలో తీసిపారేశాం. లేనివాళ్ళకొస్తే వేషాలు, ఉన్నవాళ్ళకొస్తే ఫ్యాషను. మధ్యలో ఎవరికొస్తే జబ్బవుతుందో ఆ ఆదాయ పరిమితి ఎవరన్నా ప్రకటిస్తే బాగుండును.

మన దగ్గర జబ్బుకు మర్యాద రావాలంటే అంకె ఉండాలి. బీపీకి అంకె ఉంది. షుగరుకు అంకె ఉంది, అందులోనూ మూడంకెలు. పెళ్ళి భోజనంలో "పూతరేకు వద్దండి, షుగరు" అంటే వడ్డించేవాడు చేతులు కట్టుకుని వెనక్కి తగ్గుతాడు. "కింద కూర్చోలేనండి, నొప్పులు" అని చూడండి, "మాకు లేవా?" అని బంతిలో నలుగురు లేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఈ జబ్బు పేరు అందులో లేదు. వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో శాతం కొలిచేవాళ్ళ దగ్గర దీనికి కొలబద్ద లేదు.

ఆ వ్యాయామం సంగతి కూడా చెప్పేస్తాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఒకావిడకు సలహా ఇచ్చింది: కొద్దిగా నడవండి, వారానికి కాస్త పెంచండి, బాగున్న రోజున పనులన్నీ మీదేసుకుని మర్నాడు మంచాన పడకండి. చివరిదాన్ని ఇల్లు ఒప్పుకోలేదు. బాగున్న రోజునే "ఇవాళ బానే ఉన్నావుగా" అని దుప్పట్లన్నీ ఉతకడానికి పడతాయి. నడక మాత్రం మొదలెట్టింది, పొద్దున్నే కాలవగట్టు మీద, మెల్లగా. మొదటివారం ఎదురైనవాళ్ళందరూ ఆపి అడిగారు. ఈవిడ జబ్బు పేరు చెబుతుంది, వాళ్ళు రిపోర్టులు అడుగుతారు, నార్మలేనని చెబుతుంది, "మరి ఇంకేం, ఇంట్లో పనిచేసుకుంటే అదే ఎక్సర్‌సైజు" అంటారు. రెండోవారం నుంచి పద్ధతి మార్చింది. "ఏమ్మా, పొద్దున్నే ఇలా?" అంటే "షుగరండీ" అంటోంది. అందరూ పక్కకు జరిగి దారిస్తున్నారు. ఒకాయనైతే కాకరకాయ రసం ఎలా చేసుకోవాలో కాగితం మీద రాసి మరీ తెచ్చిచ్చాడు.