రాత్రి షిఫ్టు వాక్యం: సటీకా తాత్పర్యం

మూలం: "నేనేడ పన్ననే? గట్ల కండ్లు మూసిన, గంతే."

అవతారిక: గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన బొగ్గుబాయి కార్మికుడు మధ్యాహ్నం టీవీ ముందు గురక పెడుతూ భార్యకు దొరికిపోయి పలికిన వాక్యమిది. నాయకుడు ధీరశాంతుడు. నాయిక ప్రత్యక్షసాక్షి.

ప్రతిపదార్థం: నేనేడ పన్ననే = నేనెక్కడ నిద్రించితినే (ప్రశ్న కాదు, గద్దింపు); గట్ల = చేతిలోని చాయ్ లుంగీపై ఒలికిన ఆ విధముగా; కండ్లు మూసిన = రెప్పలు మాత్రమే వాల్చితిని; గంతే = ఇక నీవు మాట్లాడరాదు.

అలంకారం: అపహ్నుతి. ఉన్న నిద్రను కాదని లేని విశ్రాంతిని స్థాపించుట.

పాఠాంతరం: శ్రీరాంపూర్ ప్రతిలో "ఆలోచన జేస్తున్న" అని ఉన్నది. అది సూపర్‌వైజర్ ఎదుట పుట్టిన పాఠం, ప్రక్షిప్తం.

విశేషాలు: ఇది బద్ధకమని పూర్వపక్షం. కాదు. ఒంట్లోని గడియారం రోజుకు గంటో గంటన్నరో మించి జరగదు. షిఫ్టు ఒక్కసారే ఎనిమిది గంటలు దూకుతుంది. లక్ష్మణుడి వంతు నిద్ర ఊర్మిళ పోయిందని ఆడవాళ్ల పాటలు చెబుతాయి గానీ, సింగరేణి క్వార్టర్లలో ఆ సదుపాయం లేదు.

ప్రమాణం: 1991లో మెల్‌బోర్న్ వైద్యుడు ముర్రే జాన్స్ కూర్చిన ఎప్‌వర్త్ స్కేలు. చదువుతూ, టీవీ చూస్తూ, తిన్నాక కూర్చుని, ఇలా 8 సందర్భాలు. ఒక్కోదానిలో కునికే అవకాశానికి 0 నుంచి 3. మొత్తం 24లో 10 దాటితే డాక్టరు దగ్గరికి. అయితే మన నాయకుడు అన్నిటికీ సున్నా వేసుకుంటాడు కనుక కాగితం నాయిక చేతికి కూడా ఇవ్వాలని వ్యాఖ్యాత మతం.

సెలవుల్లో కడుపునిండా పడుకున్నా జోగుతుంటే దోషం షిఫ్టుది కాకపోవచ్చు. గురక నడుమ ఊపిరి ఆగి ఉలిక్కిపడితే స్లీప్ అప్నియాను అనుమానించాలి. రాత్రి నిద్ర పరీక్షలో గంటకు 5 సార్లో ఆపైనో శ్వాస ఆగినా సన్నగిల్లినా అదే. దానికి 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ వెలుగులోకి తెచ్చిన సీపాప్ మిషను ఉంది. పకపకా నవ్వగానే మోకాళ్లు సడలితే నార్కోలెప్సీ కావచ్చు. రక్తహీనత, థైరాయిడ్, జలుబు గోళీలూ విచార్యాలే.

రసం: ఇంట్లో హాస్యం. ఓపెన్‌కాస్టులో తెల్లవారుజామున డంపర్ నడిపేవాడు ఇదే వాక్యం పలికితే భయానకం.

చికిత్స: షిఫ్టుకు ముందు చిన్న కునుకు, షిఫ్టు చివరి గంటల్లో చాయ్ బంద్, ఇంటికి వచ్చేటప్పుడు కండ్లకు నల్లద్దాలు, కిటికీకి మందపాటి దుప్పటి. పక్క వీధి బరాత్ డీజేకు మాత్రం ఏ గ్రంథంలోనూ విరుగుడు లేదు.