లప్పం శాస్త్రం

ఇల్లు కట్టేవాడికి సిమెంటు కావాలి, ఇసుక కావాలి, మున్సిపాలిటీ పర్మిషన్ కావాలి, నాలుగు కాలాలపాటు నిలబడే పిల్లర్లు కావాలి. ఇళ్లు కొని అమ్మి కోటీశ్వరులవడం ఎలాగో నేర్పేవాడికి ఇవేమీ అక్కర్లేదు. మాదాపూర్‌లో ఒక బాంక్వెట్ హాలు, చెవికి తగిలించుకునే మైకు, ఒంటికి అద్దె బ్లేజరు ఉంటే చాలు. రెండు రోజుల శిక్షణ. ఫీజు పాతిక వేలు. ఇవాళ రాత్రి పన్నెండులోపు కడితే పదివేలకు ఒక్క రూపాయి తక్కువ. పన్నెండు దాటాక కట్టినా అంతే తీసుకుంటారు, కాకపోతే కాస్త బెట్టు చేసి తీసుకుంటారు.

హాలు నిండుతుంది. ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందోనని సోమవారం పొద్దున మెయిల్ తెరవడానికే జంకే సాఫ్ట్‌వేర్ కుర్రాడుంటాడు. రిటైరై, గ్రాట్యుటీ చేతికందిన లెక్కల మాస్టారుంటారు. డాలస్‌లో అర్ధరాత్రి నిద్ర ఆపుకుని జూమ్‌లో చేరిన అల్లుడుగారుంటారు. గురువుగారు వీళ్లను మొదట అడిగేది ఒకటే: "జీవితాంతం ఈఎంఐలు కడుతూనే పోతారా?" అందరూ "నో" అంటారు. వినపడలేదంటారు గురువుగారు. మళ్లీ అరుస్తారు. మధ్యాహ్నం వెజ్ బిర్యానీ, గులాబ్ జామూ అయ్యాక, ఈఎంఐ మీద రెండో ఫ్లాటు ఎలా కొనాలో చెబుతారు.

పాఠం చిన్నది. పాత ఫ్లాటు చవగ్గా కొను, మెరుగులు దిద్దు, ఎనిమిది నెలల్లో అమ్ము. అమ్మబుద్ధి కాకపోతే అద్దెకిచ్చి, పెరిగిన విలువ మీద ఇంకో లోను లేపి ఇంకోటి కొను. అమెరికా యూట్యూబ్ నుంచి ఉన్నదున్నట్టు దించిన పాఠమిది. అక్కడ ఇళ్లు కొని అద్దెకిచ్చేవాళ్లకు ఒక ముతక లెక్క ఉంది: నెల అద్దె ఇంటి ధరలో ఒక శాతం ఉండాలి. ఆ లెక్కన కూకట్‌పల్లిలో కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు లక్ష అద్దె రావాలి. పాతిక, ముప్పై వేలిచ్చే కుటుంబం దొరికితే ఓనరు దేవుడికి కొబ్బరికాయ కొడతాడు. ఏడాది అద్దె ఇంటి ధరలో మూడు శాతం, బ్యాంకు వడ్డీ దానికి రెట్టింపు పైన. ఈ రెండింటి మధ్య ఉన్న గోతిని గురువుగారు 'ప్యాసివ్ ఇన్‌కమ్' అంటారు.

ఇక అమ్మకం. స్లైడు మీద లెక్క ఇలా ఉంటుంది: అరవై లక్షలకు కొన్నాం, ఎనిమిది లక్షలు పెట్టి బాగుచేశాం, ఎనభైకి అమ్మాం, లాభం పన్నెండు లక్షలు. చప్పట్లు. లెక్కల మాస్టారు కూడా కొడతారు, అదీ బాధ.

మాస్టారూ, ఒక్కసారి సుద్దముక్క తీసుకోండి. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5; మొత్తం 7.5. అరవై లక్షల మీద నాలుగున్నర లక్షలు. బ్రోకరుకు కొన్నప్పుడొక శాతం, అమ్మినప్పుడొక శాతం: లక్షా నలభై వేలు. ఈ పాటి ధరకు బ్యాంకు ఎనభై శాతానికి మించి లోనివ్వదు, అది రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. నలభై ఎనిమిది లక్షల మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు ముప్పై నాలుగు వేలు. మేస్త్రీ "నెల్రోజుల్లో అయిపోతది సార్" అన్న పనికి మూడు నెలలు, కొనేవాడు దొరకడానికి అయిదు నెలలు. అదొక రెండు లక్షల డెబ్బై రెండు వేలు. స్లైడు మీది పన్నెండు లక్షల్లో మిగిలింది మూడు లక్షల ముప్పై ఎనిమిది వేలు.

అదైనా మన చేతిలో ఉంటుందా? ఇరవై నాలుగు నెలలు నిండకుండా అమ్మారు కనుక అది స్వల్పకాలిక లాభం. జీతంలో కలిపి శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి. 2024 జూలై 23 నుంచి అమల్లోకి వచ్చిన 12.5 శాతం ఆగి అమ్మినవాళ్లకే. పన్నులాయన ఎనిమిది లక్షల ఖర్చుకు బిల్లులడుగుతాడు. మేస్త్రీ లెక్క రాసిచ్చింది సిగరెట్ పెట్టె అట్ట మీద, అందులోనూ సగం అడ్వాన్సుల కొట్టివేతలు. ఆ ఎనిమిది లక్షలను ఖర్చుగా ఒప్పుకోకపోతే, ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాడికి పన్నే మూడు లక్షల నలభై వేలు దాటుతుంది. మిగిలిన లాభం కంటే ఎక్కువ! ఎనభై లక్షలకు కొన్నవాడు కట్టే ఆరు లక్షలతో కలిపితే, ఎనిమిది నెలల్లో ఈ ఒక్క ఫ్లాటు మీద రిజిస్ట్రేషన్ల లెక్కలోనే పదిన్నర లక్షలు చేరాయి. ఒక్క ఇటుక కదపకుండా, లప్పం డబ్బా మూత తీయకుండా ఇంత గడించేవాడు ఇంకెవడు? ఆ బాంక్వెట్ హాల్లో మైకు పెట్టాల్సింది సబ్ రిజిస్ట్రారుగారికి.

దీనికీ గురువుగారి దగ్గర మందుంది. డాక్యుమెంటు ప్రభుత్వ విలువకే రాయించుకుని, మిగతాది సంచిలో పుచ్చుకోవడం. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఎంత తీసుకుంటే అంత జరిమానా అని 2015 జూన్ నుంచి చట్టం ఉంది. గురువుగారి సిలబస్‌లో ఈ అధ్యాయం పేరు 'ట్యాక్స్ ప్లానింగ్'.

మరి లాభం ఎక్కడి నుంచి రావాలి? పాఠం అసలు రసవత్తరంగా మారేది ఇక్కడే. నిజంగా బాగుచేస్తే మిగలదు. కనుక బాగుచేసినట్టు కనపడాలి.

పాతికేళ్లు దాటిన అపార్టుమెంటు. మూడో అంతస్తు ఫ్లాటు. మాస్టర్ బెడ్‌రూమ్ బాత్రూమ్ పైకప్పు మీద ఇండియా పటమంత తడి మరక, అంచులు పసుపు. మేస్త్రీ స్టూలెక్కి సుత్తి పిడితో రెండు దెబ్బలు కొడతాడు. బోలుగా మోగుతుంది, పెచ్చొకటి ఊడి బకెట్లో పడుతుంది. లోపల చువ్వ ఎర్రగా తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును బయటకు నెట్టేస్తూ ఉంటుంది. దిగి చేతులు దులుపుకుని చెబుతాడు: "సార్, ఇది కిందికెల్లి చేస్తే ఆగేది కాదు. పైవాళ్ల బాత్రూమ్ పగలగొట్టాలె. సంకెన్‌లో నింపిన ఇటుక ముక్కలన్నీ తీయాలె. నహానీ ట్రాప్ మార్చాలె, పైపులు మార్చాలె, వాటర్‌ప్రూఫింగ్ కొట్టి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలె. అప్పుడు గ్యారంటీ." ఇందుకు పైవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా వాళ్లు పక్షం రోజులు ఇంకో బాత్రూమ్‌తో సర్దుకోవాలి. వాళ్లు అద్దెకున్నవాళ్లయితే ఓనరు ఫోనెత్తాలి.

"దీన్ని కనపడకుండా చేయాలంటే?" అని అడుగుతాడు మన పట్టభద్రుడు.

"దానికేముంది సార్, రెండు పూటల పని. లప్పం పెట్టి, కింద ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తా. లైట్లు పెట్టిస్తే మరక ఉందని మీరే మర్చిపోతరు."

పైన పటారం, లోన లొటారం. ఈ రెండు మాటల్లో అయిపోయేదానికి రెండు రోజుల శిక్షణ. తడిసే గోడకు చార్‌కోల్ ప్యానెల్. పగిలిన టైలు మీద ఇంకో టైలు, దాని బరువు స్లాబు చూసుకుంటుంది. వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేసి 'ఓపెన్ కిచెన్'. అమెరికాలో చాలా ఇళ్లకు గోడంటే చెక్క చట్రానికి బిగించిన జిప్సం బోర్డు, ఒక్కపూటలో విప్పుతారు. ఇక్కడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను కొట్టే ఊపులో పక్కనున్న పిల్లర్ను కూడా కాస్త చెక్కి 'ఫినిషింగ్' ఇస్తారు. ఆ ఓపెన్ కిచెన్‌లో ఎండుమిరపకాయల పోపు పెట్టిన తొలిరోజు హాల్లో సోఫాతో సహా అందరూ తుమ్ముతారు, అది వేరే సంగతి.

పగలగొట్టిన రాళ్లూ రప్పలూ ఎక్కడికి పోతాయి? భవన వ్యర్థాలను తిరిగి వాడుకలోకి తెచ్చే ప్లాంట్లు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. ట్రాలీ ఆటోవాడికి మాత్రం చెరువుగట్టే దగ్గర. రాత్రి పదకొండు తర్వాత గప్‌చుప్‌గా దింపి పోతాడు. ఇలా నిండిన చెరువులోనే రేపు ఇంకొకడు వెంచరు వేస్తాడు. 2024 జూలైలో చెరువు ఆక్రమణలను కూల్చే హైడ్రా వచ్చాక నగరంలో పాలప్యాకెట్ల కుర్రాడికి కూడా ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీరు చేరే హద్దని తెలిసింది. గురువుగారి స్లైడ్లలోకి మాత్రం ఆ మూడక్షరాలు ఇంకా రాలేదు.

అన్నట్టు, ప్రశ్నల వేళ వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. ఏదో బ్యాంకులో లోన్ల సెక్షన్లో ఏళ్లపాటు పనిచేశారట. "ఆ ఫ్లాటుకు యూడీఎస్ ఎన్ని గజాలండీ? ఓసీ ఉందా? పైన పెంట్‌హౌస్ శాంక్షన్ ప్లానులో ఉందా, లేక బీఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టిన రసీదొకటే ఉందా?" (యూడీఎస్ అంటే ఫ్లాటుకు వచ్చే నేల వాటా, ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. బీఆర్‌ఎస్ అంటే పార్టీ కాదు, అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ స్కీము.) పాతికేళ్ల ఫ్లాటులో ఏటా ముసలిదయ్యేది కట్టడం, విలువ పెరిగేది కింద మన వాటాకొచ్చే నేల. ముప్పై గజాల వాటాకూ అరవై గజాల వాటాకూ బాత్రూమ్ టైల్స్ ఒకేలా మెరుస్తాయి, అక్కడే మోసం. గురువుగారు చల్లగా నవ్వారు. "అమ్మా, మీది స్కేర్‌సిటీ మైండ్‌సెట్." హాలంతా చప్పట్లు. ఆవిడ కూర్చున్నారు. తర్వాతి ప్రశ్న: "సార్, మీతో సెల్ఫీ?"

రెండో రోజు సాయంత్రం అసలు సరుకు బయటికొస్తుంది. కొల్లూరు వైపు ఎక్కడో, ఇంకా పునాది కూడా తవ్వని టవరులో 'మన ఫ్యామిలీకి మాత్రమే' ప్రీలాంచ్ ధర. స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మడమే కాదు, ప్రకటించడమూ నేరమని 2016 చట్టం మూడో సెక్షను. రిజిస్ట్రేషన్ లేకుండా ఏజెంటుగా అమ్మిపెట్టకూడదని తొమ్మిదో సెక్షను. గురువుగారు ఏజెంటు కాదుగా, 'మెంటార్'. ఏ పేరు పెట్టుకున్నా ఏజెంటేనని చట్టం రాసినవాళ్లు ముందే రాసిపెట్టారు.

ఆ రెరా చట్టంలోనే ఇంకొకటుంది. బిల్డరు ఫ్లాటు అప్పగించాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన ముప్పై రోజుల్లో తన ఖర్చుతో సరిచేసి తీరాలి. కానీ మన లప్పం పట్టభద్రుడు బిల్డరు కాదు, పాత ఫ్లాటు అమ్మిన మామూలు మనిషి. ఆ అయిదేళ్ల పూచీ అతనికి అంటదు. హమ్మయ్య అనుకునేలోపు దానికంటే ఎంతో పాతదొకటి అడ్డుపడుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, యాభై అయిదో సెక్షను: అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా ఉంటే అమ్మేవాడు నోరు విప్పి చెప్పాలి. చెప్పకపోతే అది మోసమే. ఫాల్స్ సీలింగుల కాలం కాదది, పెంకుటిళ్ల కాలం. అయినా తెల్లదొరల డ్రాఫ్ట్‌మన్‌కు మన లప్పం డబ్బా కనపడ్డట్టే ఉంది.

ఈ సెక్షనుకు గురువుగారి విరుగుడు క్యాలెండరులో ఉంది. "కొనుగోలు వానాకాలంలో చేయండి. కారుతుంటే బేరం బాగా దిగుతుంది. అమ్మకం ఏప్రిల్, మేలో పెట్టుకోండి. ఎండలకు గోడలు పొడిగా ఉంటాయి. మృగశిర కార్తె లోపల రిజిస్ట్రేషన్ అయిపోవాలి." పంచాంగాన్ని ఇంత శ్రద్ధగా చదివే రియల్టరును నేనింతవరకు చూడలేదు.

జూన్ మూడో వారం, రెండు పెద్ద వానలు. కొత్తగా దిగిన దంపతుల బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ మధ్యలో పొట్ట వేసుకుంది. ఆయన అమ్మినవాడికి ఫోన్ చేశాడు. నంబరు వాడుకలో లేదు. అసోసియేషన్ సెక్రెటరీ దగ్గరికి వెళ్తే, "మాకేం సంబంధమండీ, పై ఫ్లాటువాళ్లతో మాట్లాడుకోండి" అన్నారు. మెట్లెక్కి నాలుగో అంతస్తు బెల్లు కొట్టాడు. ఒకావిడ తలుపు తీశారు. ఆవిడ వెనక, సీలింగులో సన్నటి లైట్లు వరసగా వెలుగుతున్నాయి.

"మా బాత్రూమ్‌లోంచా? ఛ, కాదండీ," అన్నారావిడ. "మేం మొన్న మేలోనే కొన్నాం. అమ్మినాయన టైల్సుతో సహా అన్నీ కొత్తగా చేయించే ఇచ్చారు."